ఓనరక్క ఊరికి పోయింది

మా పైగదిలో పదిహేడేళ్లు కిరాయికున్న తమ్ముడు పోయాడని మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. "నానమ్మా, కూసున్నవా, నిలబడ్డవా?" అని అడిగింది. నాకు గుండెదడ. అందుకే ఏ మాట చెప్పే ముందైనా అది అలా అడుగుతుంది. కూర్చున్నానని అబద్ధం చెప్పాను.

"తాడు తాత చనిపోయిండే. నిద్రలనే పోయిండట. ఫోన్ల అందరు ఆయన ఫోటోలే పెడుతున్నరు."

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు వాసన రాకముందే వచ్చిందని భయపడే మనిషిని నేను. ఆ రోజు నిజంగా వాసన వచ్చేదాకా కదల్లేదు.

ఆయన దోస్తులు జ్ఞాపకాల పుస్తకం ఒకటి వేస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "ఓనరక్క రాయకపోతే ఎట్లమ్మా" అన్నారు. తాడు తిప్పుకుంటూ ఆయన చెప్పే ముచ్చట్లు విన్నవాళ్లందరికీ ఓనరక్క తెలుసు. వాన పడకముందే గొడుగు వేసుకుని, వాన మొదలయ్యాక గొడుగు తడుస్తుందని మూసేసే ఓనరక్క. ఆ ఓనరక్కను నేనే. నవ్వొచ్చేటట్టు నాలుగు మాటలు రాయమన్నారు. నవ్వించడం ఆయనకు వచ్చు, నాకు రాదు. ఐదో తరగతిలో బడి మాని మగ్గం దగ్గర కూర్చున్నదాన్ని. తెలిసినంత రాస్తాను. నేను చేసిన పని కూడా రాస్తాను. అది దాచిపెట్టి మిగతాది రాస్తే, ఈ పుస్తకంలో ఆయన పక్కన కూర్చునే హక్కు నాకు లేదు.

ఆయనది నల్లగొండ జిల్లాలో ఒక లంబాడీ తండా. నడక వచ్చినప్పటి నుంచి ఆవుల మందల వెంట తిరిగాడు. కట్టు తెంపుకున్న కోడెను ఇరవై అడుగుల దూరం నుంచి తాడు విసిరి పట్టేవాడట. కరువు వచ్చి మందలు అమ్ముడుపోయాక, ఎల్‌బీ నగర్ అవతల ఒక పశువుల కొట్టంలో పనికి కుదిరాడు.

మేము పోచంపల్లి నుంచి వచ్చినవాళ్లం. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు వార చిన్న చీరల దుకాణం ఉండేది. ఒక రోజు పట్టపగలు ఆ దుకాణంలోకి ఒక బర్రె వచ్చింది. ఎక్కడ బెదిరిందో ఏమో, నేరుగా వచ్చి పరిచిన చీరల మధ్య నిలబడింది. నేను స్టూలెక్కి అరుస్తున్నాను. దాని వెనకే తలకు తువాలు చుట్టుకున్న మనిషి ఒకాయన పరుగెత్తుకొచ్చి, గడప బయటి నుంచి తాడు విసిరాడు. అది బర్రె మీద పడలేదు. పట్టుచీర కట్టి నిలబెట్టిన బొమ్మ మెడలో పడింది.

ఆయన బొమ్మకు రెండు చేతులతో దండం పెట్టాడు. "తప్పయింది తల్లీ. మీ అమ్మానాయిన్ని అడగకుండ ఏసిన."

బయట జనం గొల్లున నవ్వారు. రెండోసారి విసిరితే గల్లాపెట్టె ముందు కూర్చున్న మా ఆయన ఒళ్లో పడింది. "సేటూ, జర పక్కకు జరుగు. నిన్ను కట్టుకపోతే దుకాణం బర్రె నడపాలె." మూడోసారికి కొమ్ములకు పడింది. దాన్ని బయటికి లాక్కుపోతూ, "ఏమనుకోకున్రి, చీరలు మంచిగనే ఉన్నయట, రేటు నచ్చలేదట. పక్క దుకాణం చూస్తదట" అన్నాడు.

మా ఆయన నవ్వగా నేను చూసిన సందర్భాలు తక్కువ. ఆ రోజు కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు. ఆ జనంలోనే పెళ్లిళ్లకు పాటలు పాడే ఆర్కెస్ట్రా ఆయన ఒకడు నిలబడి ఉన్నాడు. వచ్చే ఆదివారం ఫంక్షన్ హాలుకు తాడు తీసుకుని రమ్మన్నాడు. తాడు తిప్పుతూ జనాన్ని నవ్వించడం అలా మొదలైంది. తర్వాత ఎవరు అడిగినా తమ్ముడు ఒకటే మాట చెప్పేవాడు: "తాడు పడ్డనాడు బర్రె దొరికింది. తప్పిననాడు బతుకు దొరికింది."

పైగది ఖాళీగా ఉందని మా ఆయనే పిలిచి ఇచ్చాడు. భార్యాపిల్లలు తండాలోనే ఉండేవారు, ఈయన నెలకోసారి వెళ్లి వచ్చేవాడు. లంబాడీ ఆయనకు గది ఇచ్చారేమిటని మా వాళ్లు కొందరు అడిగారు. అడిగినవాళ్లకంటే నేను ఎక్కువ ఆలోచించాను. చాయ్ ఇవ్వడానికి ఒక స్టీలు గ్లాసు విడిగా పెట్టాను, కిటికీ గూట్లో. ఆయనకు తెలియదనుకున్నాను. నెల తిరగకముందే మా ఆయనతో అంటున్నాడు: "అక్క నాకు సొంత గ్లాసు పెట్టింది సేటూ. నీకు ఉందా? ఈ ఇంట్ల నీకే లేదు!" మా ఆయన నవ్వలేదు, నా వైపు చూశాడు. మరునాటి నుంచి అన్ని గ్లాసులూ కలిసిపోయాయి. తమ్ముడు మాత్రం ఆ గ్లాసే వెతికి పట్టుకుని తాగేవాడు.

ఆయనకు చదువు రాదు. నాకు వచ్చిందీ అంతంతమాత్రమే. పొద్దున చాయ్ వేళకు మెట్ల మీద కూర్చుని, "అక్కా, ఇయ్యాల ఏం రాసిండ్రు?" అనేవాడు. నేను కూడబలుక్కుంటూ పేపరు చదివేదాన్ని. ఒక వార్త చదవడానికి నాకు పట్టే సేపట్లో ఆయన దాని మీద మూడు మాటలు అల్లేవాడు. ఒకసారి ఏదో రోడ్డుకు మూడోసారి కొబ్బరికాయ కొట్టారని చదివాను. "రోడ్డయితే పడలే. కొబ్బరి చట్నీ మాత్రం మస్తు అయింది" అన్నాడు. ఆ ఆదివారం హాలంతా ఆ మాటకు ఊగిపోయిందట. కొట్టిన నాయకుడు ముందు వరుసలోనే కూర్చుని నవ్వాడట.

అదే ఆయన పద్ధతి. ఎవరి మీద మాట వేసినా ఆ మనిషి ఎదురుగా ఉండాలి, ఆ మనిషికీ నవ్వు రావాలి. "ఎదురుంగ లేనోని మీద నవ్వుడు దొంగతనం అక్కా" అనేవాడు. నా మీద ముచ్చట్లు కట్టినప్పుడు కూడా ముందు మెట్ల మీద నాకే వినిపించేవాడు.

"గ్యాసు బంద్ చేసిననా లేదా అని మా ఓనరక్క మెట్రో దిగి వాపసు వచ్చింది. చూస్తే బంద్ చేసే ఉంది. 'చూసినవా, నేను రాకుంటే తెలుస్తుండెనా' అన్నది. మంచిగుందా అక్కా?"

"మంచిగ లేదు. నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"మరి నవ్వుతున్నవు?"

"నవ్వుతలేను. దగ్గొస్తుంది."

"దగ్గొచ్చింది కదా, అయితే చెప్త."

నాకు నవ్వు రాని ముచ్చట ఆయన ఒక్కటి కూడా బయట చెప్పలేదు.

నేను ఆయనకు చేసింది ఒకటే, తాడు. నైలాన్ తాడు తిప్పితే వలయం నిలవదు. కొబ్బరి తాడు చేతులు కోస్తుంది. మగ్గం మీద చీర దింపాక పడుగు దారాల కొసలు మిగులుతాయి. పోచంపల్లిలో మా సొంత తమ్ముని ఇంటి నుంచి అవి తెప్పించి, మూడు పేటలుగా పురిపెట్టి, నూలుకు పెట్టినట్టే గంజి పెట్టి ఎండలో లాగి కట్టేదాన్ని. గంజితో వలయం బిగువుగా, బిర్రుగా నిలిచేది. ఏడాదికొక తాడు, దసరా అయ్యాక. మొదటిది చేతికి ఇచ్చినప్పుడు మా వాకిట్లోనే తిప్పి చూపించాడు. తెల్లటి వలయం ఆయన చుట్టూ తిరుగుతూ పైకి లేచింది, కిందికి దిగింది. మధ్యలో నిలబడి, "అక్కా, దీంట్లకు దుంకు" అన్నాడు. కాలు విరుగుతుందని లోపలికి పారిపోయాను.

తర్వాత కేబుల్ టీవీలో వచ్చాడు. ఫోన్లలో వచ్చాడు. ఎంత పేరొచ్చినా ఎక్కడివాడినో దాచుకోలేదు. ఒక పెళ్లిలో ఎవరో వెనక నుంచి, "తండా నుంచి వచ్చి మాకు చెప్తున్నవా?" అని అరిచారట. తాడు ఆపకుండానే జవాబిచ్చాడట: "అన్నా, మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకొచ్చి అమ్మకుంటే, మీ తాతల పప్పు ఇప్పటికి గూడ చప్పగనే ఉంటుండె." అరిచిన మనిషే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడని చెబుతారు.

ఆయన అది దాచలేదు. దాచింది నేను.

మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. మనవరాలికి రెండు సంబంధాలు మాటదాకా వచ్చి తప్పిపోయాయి. ఎందుకు తప్పాయో ఎవరూ చెప్పరు కదా, అన్నిటికీ కారణం నేనే వెతుక్కునేదాన్ని. వాకిలి వాస్తా, నా మాటతీరా, గోడ పెచ్చులా. మూడో సంబంధం మంగళగిరి వైపు వాళ్లు, మా కులమే, ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డారు. పిల్లను చూడడానికి సాయంత్రం వచ్చారు. కొడుకూ కోడలూ లోపల పిల్ల దగ్గర ఉన్నారు. ముందు గదిలో నేను, పిల్లవాడి తల్లిదండ్రులు, పెదనాన్న. నాలుగింటికి తమ్ముడు చాయ్‌కి దిగుతాడని నాకు తెలుసు. వద్దని ముందే చెప్పడానికి నోరు రాలేదు. దిగకుండా ఉంటే బాగుండునని మాత్రం దేవునికి మొక్కుకున్నాను.

దిగాడు. భుజం మీద తాడు, కాళ్లకు చెప్పులు లేవు. సొంత ఇంట్లోకి వచ్చినట్టు వంటింటి వైపు రెండడుగులు వేశాడు. ఆయన రోజూ అలాగే వచ్చేవాడు, గ్లాసు తనే తీసుకునేవాడు.

"ఎవరండీ ఈయన?" అని పెదనాన్న అడిగాడు.

నా తమ్ముడి లాంటివాడు అనొచ్చు. కిరాయికుంటాడు అన్నా సరిపోయేది, అబద్ధం కాదు. వంటింట్లోకి ఎందుకు వెళ్తున్నాడని అడుగుతారు, ఏమిట్లు, ఏ కులం అని అడుగుతారు, ఈ సంబంధం కూడా పోతుంది. ఇవన్నీ ఒక్క రెప్పపాటులో నా తలలో తిరిగాయి.

"వాచ్‌మన్" అన్నాను.

తమ్ముడు ఆగాడు. నా వైపు చూశాడు. ఎంతోసేపు కాదు. పేపరులో ఒక మాట దగ్గర నేను తడబడితే ఎలా ఆగి చూసేవాడో అలా. తర్వాత భుజం మీది తాడు తీసి చెప్పుల స్టాండు వెనక పెట్టాడు. వీపు కొంచెం వంచి, "సలాం సార్" అన్నాడు. కోడలు నింపి పెట్టిన మంచినీళ్ల పళ్లెం వంటింటి గడప దగ్గరే అందుకుని, లోపల అడుగు పెట్టకుండా, తెచ్చి అందరికీ ఇచ్చాడు.

పెదనాన్న నీళ్లు తాగుతూ ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. "ఏవయ్యా, నిన్నెక్కడో చూశాను. టీవీలో తాడు తిప్పే ఆయన ఉన్నాడు చూడు, అచ్చం నీలాగే ఉంటాడు."

"అందరు గట్లనే అంటరు సార్. ఆయనకు పేరొచ్చింది, నాకు పోలికొచ్చింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది నాకు ఇప్పటికీ మరపు రాదు. నేనూ నవ్వాను.

"భలేవాడివే! ఇదిగో, మా కారు అద్దాల మీద కాస్త దుమ్ము తుడిచి పెట్టు నాయనా" అన్నాడు పెదనాన్న. కోపంగా కాదు, మర్యాదగానే. తమ్ముడు తలగుడ్డ విప్పి బయటికి వెళ్లాడు. లోపల కట్నకానుకల మాట లేకుండానే సంబంధం ఖాయమవుతోంది. కిటికీలో నుంచి నాకు ఆయన కనపడుతున్నాడు. ముందు అద్దం, వెనక అద్దం, పక్క అద్దాలు. తర్వాత ఎవరూ చెప్పకుండానే దీపాలు కూడా తుడిచాడు.

మరునాడు పొద్దున మెట్ల మీదికి వచ్చాడు. "అక్కా, ఇయ్యాల ఏం రాసిండ్రు?" అన్నాడు. ఎప్పటి గొంతే. నేను పేపరు చదివాను. తప్పయింది తమ్ముడూ అనడానికి ఆ ఒక్క పొద్దే ఉంది నాకు. రేపు చెబుదాం, పెళ్లయ్యాక చెబుదాం అనుకున్నాను. అనుకున్న కొద్దీ ఆ మాట బరువెక్కింది.

మనవరాలికి ఎలాగో తెలిసింది. "తాతను వాచ్‌మన్ అన్నవా నానమ్మా?" అని అడిగి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్లికి తమ్ముడిని పిలిచాం. తండాలో పని ఉందని రాలేదు. ఆ పెళ్లిలోనే మనవరాలు ఉండబట్టలేక పెదనాన్నగారికి నిజం చెప్పేసింది. ఆయన లేచి నిలబడి తల పట్టుకున్నాడు. "అయ్యయ్యో, ఆయనేనా! మా ఇంట్లో ఆయన ప్రోగ్రాం చూడనిదే అన్నం తినమమ్మా. ఆయన చేత కారు తుడిపించానా నేను?" నేను భయపడిన తప్పు వాళ్ల దగ్గర లేనే లేదు. ఉన్నది నా దగ్గరే.

తమ్ముడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా మీద మాటలు వేయడమే మానేశాడు. టీవీ ముందు కూర్చుని ఎదురుచూసేదాన్ని, ఇప్పుడొస్తుంది గొడుగు ముచ్చట, ఇప్పుడొస్తుంది గ్యాసు ముచ్చట అని. వచ్చేది కాదు. ఒకసారి జనంలో నుంచి ఎవరో, "అన్నా, ఓనరక్క ముచ్చట చెప్పు!" అని కేకేశారు. తమ్ముడు తాడు తిప్పుతూనే, "ఓనరక్క ఊరికి పోయింది" అన్నాడు. జనం నవ్వారు. ఎప్పుడు ఎవరు అడిగినా అదే మాట. నేను ఎక్కడికీ పోలేదు. ఆయన గదికి కిందనే ఉన్నాను. కానీ ఎదురుగా లేని మనిషి మీద ఆయన నవ్వడు కదా.

ఆ దసరాకు తాడు అడగలేదు. నేను మాత్రం చేశాను. ఇస్తూ చెబుదామనుకున్నాను. ఆలోపే ఒక రోజు వచ్చి, "తుర్కయంజాల్ల చిన్న ఇల్లు కట్టిన అక్కా. తండా నుంచి మా ఆమెను తోలుకొస్తున్న. ఒక ఆవును గూడ పెట్టుకుంట" అన్నాడు. సామాను ఆటోలో ఎక్కించాక వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ సాయంత్రం తర్వాత ఆయన ఆ గడప దాటలేదు. "ఆ గ్లాసు నేను తీసుకపోనా? నాదే కదా" అన్నాడు. ఇచ్చాను. తాడు గోడకు మేకు మీద ఉంది. ఆయనా చూశాడు, నేనూ చూశాను. ఆటో వెళ్లిపోయింది.

ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కితే తుర్కయంజాల్ ఎంతో దూరం లేదు. నాకు మూడేళ్లు పట్టింది. ఏమంటాడో అని భయం, ఏమీ అనడేమో అని ఇంకా భయం. రెండుసార్లు తాడు సంచిలో వేసుకుని బస్టాపుదాకా వెళ్లాను. ఒకసారి తలుపు గొళ్లెం గుర్తొచ్చింది, ఒకసారి గ్యాసు. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

ఆయన పోయాక, దినాలన్నీ అయి జనం వెళ్లిపోయిన తర్వాత వెళ్లాను. అది కూడా పిరికితనమే. రేకుల పంచ, పక్కన పశువుల పాక, ఒక ఆవు, దాని దూడ. ఆయన భార్య కుడితి కలుపుతోంది. మా ఇంటికి రెండు మూడుసార్లు వచ్చిన మనిషే. నన్ను చూసి చేతులు కడుక్కుని లేచింది.

"అక్కా, ఊరికెళ్లి ఎప్పుడొచ్చినవ్?" అంది.

ముఖంలో నవ్వు లేదు, ఎత్తిపొడుపూ లేదు. నేను అరుగు మీద కూలబడ్డాను.

"చెల్లే, ఒక మాట చెప్పనీకి వచ్చిన. ఆ దినం మా ఇంట్ల మీ ఆయనను నేను..."

"ఎరుకే. చెప్పిండు."

"నవ్విండా?" అని అడిగాను. ఎంత సిగ్గులేని ఆశో చూడండి. అన్నిటినీ నవ్వులో కలిపేసే మనిషి, దీన్ని కూడా ఎప్పుడో కలిపేసి ఉంటాడని మూడేళ్లు అదే అనుకుంటూ బతికాను.

"బర్రె తన్ని పక్కటెముక విరిగితే నవ్వుకుంటనే చెప్పిండు. తండ్రి చనిపోయినప్పుడు గూడ ఏదో అని మమ్మల్ని నవ్విచ్చిండు. గిదొక్కటే ఉత్తగ చెప్పిండు. చెప్పి ఊకున్నడు." ఆమె కుడితి బకెట్టు ఆవు ముందుకు జరిపింది. "నేను నిన్ను తిట్టిన అక్కా, నోటికొచ్చినట్టు తిట్టిన. ఆయన తిట్టనియ్యలే. 'వద్దే, నాకు పేపరు చదివిపెట్టిన నోరు అది' అన్నడు."

ఆ నోటితోనే కదా వాచ్‌మన్ అన్నాను.

సంచిలో నుంచి తాడు తీసి అరుగు మీద పెట్టాను. ఆమె చేతిలోకి తీసుకుంది. పశువుల మనిషి, పురి విప్పి చూసింది, బిగించి చూసింది.

"గంజి పెట్టినవా?"

"పెట్టిన."

"ఎప్పటిది?"

"మూడేండ్లది. నీ చేతికి ఇద్దామని వచ్చిన. కోపముంటే పారెయ్యి."

"మంచి తాడు ఎట్ల పారేస్తరు?" అంది. "తిప్పెటోడు లేడు. కట్టనీకి పనికొస్తది."

పాకలోకి వెళ్లి, దూడ మెడకున్న నైలాన్ తాడు విప్పింది. ఆ తాడు ఒరుసుకుని మెడ మీద వెంట్రుకలు ఊడి ఎర్రబడి ఉంది. నా నూలుతాడు కట్టి, రెండో కొస వాకిట్లో గుంజకు ముడివేసింది. గట్టిగా వేసిందా లేదా అని నేను లేవబోయాను. మళ్లీ కూర్చున్నాను. ఆమె వేసిన ముడి అది, నేను చూడాల్సిన పని లేదు.

నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేను అడగనూ లేదు. అడగాల్సిన మనిషి మూడేళ్లు అరగంట దూరంలోనే ఉండి, ఇప్పుడు లేడు. ఈ పుస్తకం చదివేవాళ్లు ఆయన చెప్పిన ఓనరక్కను తలుచుకుని నవ్వండి, ఆయన మాటకు నవ్వాల్సిందే. ఆయన చెప్పని ఓనరక్కను నేను చెప్పాను.

బయలుదేరి గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను. దూడకు కొత్త తాడు మెత్తగా ఉన్నట్టుంది. తోక లేపి ఒక్కసారి పరుగందుకుంది. తాడు బిర్రుగా సాగింది, తెగలేదు. తాడు కొస దాకా పోయి అక్కడి నుంచి గుంజ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఎండలో తెల్లగా మెరుస్తూ నా తాడు మళ్లీ గుండ్రంగా తిరుగుతోంది. మధ్యలో గుంజ ఒక్కటే ఉంది, మాట్లాడకుండా.